డబ్బు కట్టకుండా అసలైన ఇంటర్న్‌షిప్: ఎక్కడ అడగాలి, ఎలా అడగాలి, వెళ్లాక ఏం చేయాలి

ఫిబ్రవరి దాటిందంటే నా ఫోన్‌కి ఒకే రకం మెసేజీలు మొదలవుతాయి. "సార్, మాకు ఇంటర్న్‌షిప్ కంపల్సరీ. ఎక్కడా దొరకడం లేదు. ఐదు వేలు కడితే సర్టిఫికెట్ ఇస్తామని ఒకరంటున్నారు, కట్టమంటారా?" నేను హైదరాబాద్‌లో బాలానగర్ వైపు ఒక చిన్న మెషినింగ్ యూనిట్‌లో క్వాలిటీ చూస్తాను. ప్రతి వేసవిలో ముగ్గురు నలుగురు బీటెక్ పిల్లలను తీసుకుంటాం. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ ప్రశ్నకు జవాబు: కట్టకండి. ఆ ఐదు వేలకి మీకు దక్కేది ఒక కాగితం. ఇంటర్వ్యూలో "అక్కడ మీరేం చేశారు?" అన్నాక వచ్చే రెండో ప్రశ్నకే ఆ కాగితం పని అయిపోతుంది. ఇంటర్న్‌షిప్ అని దేన్నంటారంటే, మీరు చేసిన పనిని ఇంకొకరు వాడుకోవాలి, అది తప్పయితే తప్పని మీ ముందే చెప్పాలి. ఈ రెండూ జరిగే చోటు రేకుల షెడ్డయినా సరే, వెళ్లండి. ఈ రెండూ జరగని చోటు ఎంత పెద్ద పేరున్నదైనా మీకు మిగిలేది తక్కువ. నేను చదువుకునే రోజుల్లో ఒక పెద్ద ప్లాంటుకి రెండు వారాలు వెళ్లాను. ముప్ఫై మందిమి గుంపుగా తిరిగాం, దూరం నుంచి చూశాం, చివరి రోజు ఫోటో దిగాం. ఆ తర్వాత మా ఊరి దగ్గర ఒక లేత్ షాపులో నాలుగు వారాలు కూర్చున్నాను. ఈ రోజుకీ నాకు అన్నం పెడుతున్నది ఆ నాలుగు వారాల్లో నేర్చుకున్నదే.

కో-ఆప్ గురించి కూడా చాలామంది అడుగుతున్నారు. ఒక సెమిస్టర్ చదువు, ఒక సెమిస్టర్ జీతంతో పని, ఇలా మార్చి మార్చి నడిచే చదువు అది. 1906లో అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో హెర్మన్ ష్నైడర్ మొదలుపెట్టారు. కెనడాలో వాటర్లూ విశ్వవిద్యాలయం 1957లో పుట్టిందే ఆ పద్ధతితో. మన దగ్గర దానికి బాగా దగ్గరగా ఉండేది బిట్స్ పిలానీ వాళ్ల ప్రాక్టీస్ స్కూల్. చాలా కాలేజీల్లో అలాంటి ఏర్పాటు లేదు కాబట్టి వేసవి సెలవులను, చివరి సెమిస్టర్‌ను మనమే అలా మలుచుకోవాలి.

దగ్గర ఉండాల్సినవి

- మీ రెగ్యులేషన్ పుస్తకంలో ఇంటర్న్‌షిప్ గురించి ఉన్న పేజీ. ఏపీలో జేఎన్‌టీయూ కాలేజీల్లో ఆర్20, ఆర్23 (2020, 2023 సిలబస్ నిబంధనలు) వాళ్లకి రెండో ఏడాది తర్వాత ఒకటి, మూడో ఏడాది తర్వాత ఒకటి, వేసవి సెలవుల్లో తప్పనిసరి. చివరి సెమిస్టర్ పూర్తిగా ఇంటర్న్‌షిప్, ప్రాజెక్టుకే. మొదటిది చాలా కాలేజీల్లో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుగా చేయిస్తారు. జేఎన్‌టీయూహెచ్‌లో (హైదరాబాద్ జేఎన్‌టీయూ) ఇండస్ట్రీ ఓరియెంటెడ్ మినీ ప్రాజెక్ట్ లేదా ఇంటర్న్‌షిప్ అనే పేరుతో ఉంటుంది. మీ కాలేజీ అటానమస్ అయితే లెక్క వేరు. ఎన్ని వారాలు, రిపోర్టు ఎప్పుడివ్వాలి, కంపెనీ నుంచి ఏ ఫార్మాట్‌లో సంతకం కావాలి, ఈ మూడూ రాసి పెట్టుకోండి.
- కాలేజీ లెటర్‌హెడ్ మీద బోనఫైడ్, దానితోపాటు "మా విద్యార్థికి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అవకాశం ఇవ్వండి" అనే ఉత్తరం. కంపెనీ పేరు రాయాల్సిన చోట ఖాళీ వదిలి నాలుగైదు కాపీలు తీసుకోండి. హెచ్‌ఓడీ సంతకానికి వారం పడుతుంది, ముందే అడగండి.
- ఒక్క పేజీ రెజ్యూమె. ఫైల్‌కి మీ పేరు, బ్రాంచి పెట్టండి. "రెజ్యూమె ఫైనల్ 2" అని వచ్చిన ఫైళ్లు నా ఫోన్‌లో ఇరవై ఉన్నాయి, ఏది ఎవరిదో తెలియదు.
- 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి. దీని సంగతి కింద చెబుతాను, అన్నిటికన్నా విలువైనది అదే.
- షాప్ ఫ్లోర్ మీద పనైతే సేఫ్టీ షూస్. వాటికి డబ్బు లేకపోతే ముందే చెప్పండి, చాలా యూనిట్లలో స్టోర్‌లో అదనపు జతలు ఉంటాయి.

1. ఎక్కడ అడగాలో మీ ఇంటి నుంచి మొదలుపెట్టండి

అందరూ మొదట వెతికేది హైటెక్ సిటీ పేర్లు. ఒక్కో పేరుకి వేల మంది అప్లై చేస్తారు, జవాబు రాదు, మార్చి అంతా టెన్షన్‌లో గడిచిపోతుంది. దానికి బదులు ఒక కాగితం తీసుకుని మీ ఇంటి నుంచి గానీ, హాస్టల్ నుంచి గానీ గంట బస్సు ప్రయాణంలో ఏమేం ఉన్నాయో రాయండి.

మెకానికల్ వాళ్లకి హైదరాబాద్‌లో బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి, పటాన్‌చెరు ఉన్నాయి. విజయవాడలో ఆటోనగర్, విశాఖలో గాజువాక ఆటోనగర్, అచ్యుతాపురం, తిరుపతి వైపు శ్రీసిటీ. ఇవేవీ దగ్గర లేకపోతే మీ పట్నంలో ఆర్టీసీ వర్క్‌షాపు, పెద్ద రైస్ మిల్లు, ట్రాక్టర్ సర్వీస్ సెంటర్ ఉంటాయి. ట్రిపుల్‌ఈ వాళ్లు ప్యానెల్ బోర్డులు తయారుచేసే యూనిట్లు, ట్రాన్స్‌ఫార్మర్ రిపేరు షెడ్లు, 33/11 కేవీ సబ్‌స్టేషన్లు చూడండి. 2024లో పీఎం సూర్యఘర్ పథకం వచ్చాక ఇళ్ల మీద సోలార్ పెట్టేవాళ్లు ప్రతి పట్నంలో ఉన్నారు. వాళ్లకి లోడు లెక్కలు, సైట్ సర్వే చేసిపెట్టే మనిషి నిజంగా కావాలి. సివిల్ వాళ్లు అపార్ట్‌మెంట్ సైటు కంటే ముందు మెటీరియల్ టెస్టింగ్ ల్యాబులో అడగండని నా సలహా. 150 మి.మీ. క్యూబులను 7 రోజులకి, 28 రోజులకి ప్రెస్‌లో పెట్టి పగలగొట్టి, వచ్చిన అంకెను మీ చేత్తో రిజిస్టర్‌లో రాస్తే కాంక్రీట్ మీద మీకు కలిగే గౌరవం వేరు. ఆ తర్వాత సైటుకి వెళ్తే చూసే కన్ను మారుతుంది.

సీఎస్‌ఈ వాళ్లకి ఊరితో పని లేదు. ఫాసీ పేరుతో ఐఐటీ బాంబే నడిపే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో వేసవి ఫెలోషిప్‌లు ఉంటాయి. దానికి ముందే ఇచ్చే చిన్న పని చేసి చూపించాలి, మార్కులతో పని లేదు. సైల్యాబ్, ఈసిమ్, ఓపెన్‌ఫోమ్ లాంటి ఇంజినీరింగ్ లెక్కల సాఫ్ట్‌వేర్లు కూడా అందులో ఉన్నాయి కాబట్టి కోర్ బ్రాంచి వాళ్లూ ప్రయత్నించవచ్చు. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో కొత్తవాళ్లతో కోడ్ రాయించే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ 2005 నుంచి నడుస్తోంది. దానికి అప్లికేషన్ గడువు రోజున మేల్కొంటే లాభం లేదు, నాలుగైదు నెలల ముందు నుంచి ఆ ప్రాజెక్టులో చిన్న చిన్న బగ్‌లు సరిచేస్తూ ఉన్నవాళ్లకే అది దొరుకుతుంది.

పరిశోధన వైపు మనసుంటే సైన్స్ అకాడమీలు మూడూ కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ ఉంది, రెండు నెలలు, దానికి అప్లికేషన్లు ముందు ఏడాది శీతాకాలంలోనే అడుగుతారు. ఐఐటీ హైదరాబాద్, ట్రిపుల్‌ఐటీ హైదరాబాద్, ఎన్‌ఐటీ వరంగల్ ప్రొఫెసర్లకు నేరుగా రాయవచ్చు, కానీ వాళ్ల పేపరు ఒక్కటైనా చదివి, అందులో మీకు అర్థం కాని ఒక చోటు గురించి అడగండి. "మీ పరిశోధన నాకు చాలా ఇష్టం" అని మాత్రమే రాసిన మెయిల్‌ను ఎవరూ పట్టించుకోరు.

ప్రభుత్వ రంగంలో విశాఖ స్టీల్ ప్లాంట్, బీహెచ్‌ఈఎల్, ఎన్‌టీపీసీ, జెన్‌కో స్టేషన్ల లాంటివి వొకేషనల్ ట్రైనింగ్ పేరుతో విద్యార్థులను తీసుకుంటాయి. కాలేజీ ద్వారానే ఉత్తరం వెళ్లాలి, రెండు మూడు నెలల ముందు వెళ్లాలి. కొన్ని సంస్థలు దీనికి చిన్న ఫీజు తీసుకుంటాయి. అది సంస్థ ఖాతాకి పోయే డబ్బు, రసీదు ఇస్తారు, దాన్ని మోసం అనుకోవద్దు. అయితే పెద్ద ప్లాంటులో చేతికి పని ఇవ్వడం తక్కువ, చూపించడం ఎక్కువ. అందుకే రెండో ఏడాది తర్వాత పెద్ద ప్లాంటు చూసి, మూడో ఏడాది తర్వాత చిన్న యూనిట్‌లో పని చేయడం మంచి వరస.

జాగ్రత్త: పీఎం ఇంటర్న్‌షిప్ స్కీమ్ పేరు చూసి చాలామంది ఆశపడుతున్నారు. 2024 అక్టోబర్‌లో దాన్ని మొదలుపెట్టినప్పుడు ఫుల్‌టైమ్ చదువుతున్నవాళ్లకి కాదనే నిబంధన పెట్టారు. అర్హత పేజీ పూర్తిగా చదవకుండా వేరే అవకాశాలు వదులుకోకండి. అలాగే నాట్స్ (కేంద్ర ప్రభుత్వ నేషనల్ అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్ స్కీమ్) బీటెక్ అయ్యాక చేసేది, 1961 నాటి అప్రెంటిస్ చట్టం కిందకి వస్తుంది, స్టైపెండ్ ఇస్తారు. పాసయ్యాక ఉద్యోగం ఆలస్యమైతే ఖాళీగా కూర్చోకుండా అందులో చేరండి.

2. వెళ్లేముందు ఆ చోటు నిజమైనదో కాదో చూడండి

జీఎస్‌టీ వెబ్‌సైటులో కంపెనీ జీఎస్‌టీ నంబరు కొడితే చట్టబద్ధమైన పేరు, నమోదు తేదీ, ఏ రకం వ్యాపారమో కనిపిస్తాయి. నంబరు ఇవ్వమంటే తప్పించుకుంటున్నారా, అనుమానించండి. చిరునామా మీద ఉన్నది ఫ్యాక్టరీయా, ఒక కోచింగ్ సెంటర్ గదా, వెళ్లి చూడండి. చేరకముందే సర్టిఫికెట్ నమూనా వాట్సాప్‌లో పంపేవాళ్లు, "రానక్కర్లేదు, రిపోర్టు కూడా మేమే ఇస్తాం" అనేవాళ్లు, "ఈ రోజే కడితే సగం ధర" అనేవాళ్లు, ముగ్గురూ ఒకటే. ఇప్పటికే కట్టేశారా? డబ్బు పోయిందని ఆ కాగితాన్ని రెజ్యూమెలో పెట్టకండి. మిగిలిన వారాల్లో ఎక్కడైనా నిజంగా పని చేయండి, దాన్ని పెట్టండి.

3. అడిగే మాట చిన్నదిగా, సూటిగా ఉండాలి

నాకు వచ్చే మెయిళ్లలో తొంభై శాతం ఒకేలా ఉంటాయి. గౌరవనీయులైన సర్ లేదా మేడమ్, నేను కష్టపడే స్వభావం కలవాడిని, మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో... మా షెడ్డులో పన్నెండు మెషిన్లు ఉన్నాయి, ప్రతిష్ఠాత్మకం అనే మాట మాకు నప్పదు. ఎక్కడి నుంచో కాపీ చేశారని మొదటి లైన్‌లోనే తెలిసిపోతుంది. నేను పోయిన ఏడాది వెంటనే జవాబిచ్చిన మెసేజ్ దాదాపుగా ఇలా ఉంది:

"నమస్తే సార్. నేను మెకానికల్ మూడో ఏడాది, నా పేరు ఫలానా, ఫలానా కాలేజీ. మే 12 నుంచి జూన్ 30 వరకు నాకు సెలవులు, రోజూ పూర్తి షిఫ్టు రాగలను. ఇన్‌స్పెక్షన్ పని నేర్చుకోవాలని ఉంది. వెర్నియర్, మైక్రోమీటర్ చదవడం వచ్చు, డ్రాయింగ్ చదవడం కొంత వచ్చు. మీ దగ్గర మొదటి వారం చూసి, పనికొస్తాననిపిస్తేనే ఉంచండి. కాలేజీ ఉత్తరం నా దగ్గరుంది. మంగళవారం పదకొండుకి వచ్చి కలవమంటారా?"

ఇందులో ఏముందో చూడండి. తేదీలు ఉన్నాయి, ఏ పనో ఉంది, ఏం వచ్చో నిజం చెప్పింది, "కొంత" అనే మాట వాడింది. చివర్లో నేను అవును, కాదు అని చెప్పగలిగే ప్రశ్న ఉంది. ఇంగ్లీషులో పంపాల్సి వస్తే ఇవే విషయాలు ఐదారు చిన్న వాక్యాల్లో రాయండి.

మెసేజ్ కన్నా నేరుగా వెళ్లడం ఇంకా బాగా పనిచేస్తుంది. వేళ చూసుకోండి. పొద్దున షిఫ్టు మొదలయ్యే గంటలో ఎవరికి ఏ పనో పంచుతుంటారు, ఎవరూ తల ఎత్తరు. పదకొండు టీ తర్వాత గానీ, మధ్యాహ్నం మూడున్నర తర్వాత గానీ వెళ్లండి. నెలాఖరు వారం అసలు వద్దు. డిస్పాచ్‌లన్నీ అప్పుడే ఉంటాయి, మంచి మనిషి కూడా విసుక్కుంటాడు. గేటు దగ్గర సెక్యూరిటీ అన్నతో మర్యాదగా మాట్లాడి, "ప్రొడక్షన్ గానీ క్వాలిటీ గానీ చూసే సార్ ఉన్నారా?" అని అడగండి. చిన్న యూనిట్లలో హెచ్‌ఆర్ అని విడిగా ఎవరూ ఉండరు.

ఒకరు లేదా ఇద్దరు వెళ్లండి. ఎనిమిది మంది స్నేహితులు కలిసి గేటు దగ్గర నిలబడితే, ఒక్కరికి చోటున్న యజమాని కూడా చోటు లేదంటాడు.

పదిహేను చోట్ల అడిగితే రెండు మూడు చోట్ల మాట కలుస్తుంది. కాదన్నవాళ్లను "ఇంకెవరైనా తీసుకుంటారా అండీ?" అని ఒక్క మాట అడగండి. ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఒకరి పని ఇంకొకరికి జాబ్‌వర్క్‌గా ఇచ్చుకునేవాళ్లమే, ఎవరి దగ్గర పని ఎక్కువుందో మాకు తెలుసు.

ఇంట్లో బాబాయికో మావయ్యకో తెలిసినవాళ్ల యూనిట్ ఉంటే ఆ దారిలో వెళ్లడం తప్పేమీ కాదు. కాకపోతే అలా వెళ్లినవాళ్లు వారం తర్వాత రావడం మానేస్తే పోయేది మీ పేరు మాత్రమే కాదు, చెప్పిన మావయ్య మాట కూడా.

4. చేరేరోజే మాట్లాడుకోవాల్సినవి

పని వేళలు, ఎవరి కింద ఉంటారు, ఏ పని, ఫోటోలు తీయవచ్చా, కాలేజీ ఫార్మాట్ మీద ఎవరు సంతకం చేస్తారు. స్టైపెండ్ ఉందా అని కూడా ఒక్కసారి సూటిగా అడగండి, మొహమాటం వద్దు. చిన్న యూనిట్లలో చాలావరకు ఉండదు, కొందరు బస్సు ఖర్చు, భోజనం ఇస్తారు. ఏడెనిమిది వారాలు నేర్చుకోవడానికైతే అది నాకు అన్యాయంగా అనిపించదు. కానీ చివరి సెమిస్టర్‌లో ఆరు నెలలు మిమ్మల్ని ఆపరేటర్‌లా మెషిన్ మీద నిలబెడితే, ఆ పనికి డబ్బు ఇవ్వాలి. ఇవ్వనంటే వేరే చోటు చూసుకోండి.

అమ్మాయిలు ఇంకో మూడు విషయాలు ముందే చూసుకోండి: బాత్‌రూమ్ ఉందా, సాయంత్రం బస్సు ఎన్నింటి వరకు, ఇంకెవరైనా ఆడవాళ్లు పనిచేస్తున్నారా. ఇవి అడగడానికి సిగ్గుపడాల్సిన పని లేదు. ఆ ప్రశ్నలకి చిరాకు పడే చోట మీరు ఉండకపోవడమే మంచిది. మా దగ్గర ఇన్‌స్పెక్షన్‌లో నేను చూసిన ఇద్దరు ఉత్తమమైన ఇంటర్న్‌లు అమ్మాయిలే.

5. మొదటి వారం: చేతులకన్నా ముందు కళ్లు

మొదటి మూడు రోజులు ఒక్క పీసు వెంట నడవండి. ముడి సరుకు గేటు లోపలికి వచ్చింది మొదలు, డెలివరీ చలాన్‌తో బయటికి వెళ్లేదాకా ఎక్కడెక్కడ ఆగింది, ఎవరు ముట్టుకున్నారు, ఏ కాగితం మీద ఏం రాశారు. సాయంత్రం దాన్ని బొమ్మగా గీయండి. సైట్ అయితే సిమెంట్ బస్తా వెంట, సాఫ్ట్‌వేర్ అయితే ఒక కస్టమర్ ఫిర్యాదు వెంట నడవండి, పద్ధతి ఒకటే.

ప్రాణానికి సంబంధించిన హెచ్చరికలు, ఇవి మాత్రం తప్పొద్దు. తిరుగుతున్న మెషిన్ దగ్గర గ్లౌజులు వేసుకోకూడదు, లాగేసుకుంటుంది. చున్నీ, పొడుగు చేతుల చొక్కా, మెడలో ఐడీ కార్డు తాడు వద్దు. జుట్టు ముడి వేసుకోండి. లేత్ చిప్స్ చేత్తో తీయకండి, దానికి హుక్ ఉంటుంది. ప్యానెల్ ఆఫ్‌లో ఉందని ఎవరో చెప్పారని చెయ్యి పెట్టకండి, టెస్టర్‌తో చూశాకే. ఎవరూ చెప్పకుండా ఏ బటనూ నొక్కకండి.

టర్నర్లు, ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు మీకన్నా తక్కువ చదివి ఉండవచ్చు. మీకు పని నేర్పేది వాళ్లే. అన్నా అనో, పెద్దాయనైతే బాబాయ్ అనో పిలిచి, వాళ్ల పని మధ్యలో కాకుండా టీ టైములో అడగండి. "ఈ టూల్ ఇప్పుడెందుకు మార్చారన్నా?" అని అడిగిన కుర్రాడికి మా సీనియర్ టర్నర్ గంటసేపు చెప్పాడు. ఫోన్ చూసుకుంటూ మూల నిలబడినవాడికి ఎవరూ ఏమీ చెప్పలేదు.

6. నోట్‌బుక్: రోజుకి పదిహేను నిమిషాలు

ప్రతి రోజుకీ ఒక పేజీ. తేదీ, ఏం చేశాను, వచ్చిన అంకెలు, తీరని సందేహం, ఎవరు చెప్పారు. ఇంటికెళ్లి రాద్దాంలే అనుకుంటే అంకెలు గుర్తుండవు, అక్కడే రాయండి.

ఇది ఎందుకు ముఖ్యమో ఒకటి చెప్తాను. రెండేళ్ల కిందట వేసవిలో మూడో ఏడాది అమ్మాయి ఒకామె మా దగ్గర ఫైనల్ ఇన్‌స్పెక్షన్‌లో ఉంది. 80 మి.మీ. షాఫ్టులు నడుస్తున్నాయి, డ్రాయింగ్‌లో టాలరెన్స్ (కొలతలో ఒప్పుకునే తేడా) హెచ్7, అంటే 79.970 నుంచి 80.000 లోపు ఉండాలి. మెషిన్ దగ్గర కొలిస్తే ఓకే, మర్నాడు పొద్దున మళ్లీ చూస్తే కొన్ని తక్కువ. ఆపరేటర్ మైక్రోమీటర్ని తప్పుపట్టాడు, నేను ఆపరేటర్ని తప్పుపట్టాను. ఆ అమ్మాయి నోట్‌బుక్‌లో ప్రతి కొలత పక్కన టైము కూడా రాసుకుంది. 24 పీసుల్లో తేడా వచ్చిన తొమ్మిదీ మెషిన్ మీంచి దించిన ఐదు నిమిషాల్లోపు కొలిచినవే. పీసుని చల్లబరిచే కూలెంట్ నాజిల్ పక్కకి జరగడంతో పీసులు వేడిగా వస్తున్నాయి. స్టీలు కదా, 80 మి.మీ. షాఫ్టు ఇరవై డిగ్రీలు వేడెక్కితే 0.02 మి.మీ. దాకా ఉబ్బుతుంది. మాకున్న టాలరెన్సే 0.03 మి.మీ. వేడి మీద 79.985 చూపించిన పీసు చల్లారాక 79.967. నాజిల్ సరిచేశాం. అప్పటి నుంచి పీసులను చల్లారనిచ్చాకే ఫైనల్ కొలత, ఆ నియమం బోర్డు మీద ఇప్పటికీ ఉంది.

ఆమె రెజ్యూమెలో మొదట రాసుకొచ్చిన లైను: "సీఎన్‌సీ మెషిన్లపై, క్వాలిటీ కంట్రోల్‌పై శిక్షణ పొందాను." దాన్ని తీసేసి ఇలా రాయమన్నాను: "80 మి.మీ. షాఫ్టుల ఇన్‌స్పెక్షన్‌లో, కొలిచిన సమయంతో సహా రికార్డు ఉంచి, 24లో 9 పీసుల తేడాకు వేడి కారణమని చూపించాను. కొలత పద్ధతి మార్చారు." మొదటి లైను ఎవరైనా రాయగలరు. రెండోది ఆమె మాత్రమే రాయగలదు.

పని ఇవ్వకుండా ఊరికే కూర్చోబెడితే? చాలాచోట్ల అదే జరుగుతుంది, ఎవరి తప్పూ కాదు, చెప్పే తీరిక ఉండదు. మీరే చిన్న పని ఎంచుకుని అడగండి. వారం రోజుల రిజెక్షన్లు కారణాల వారీగా లెక్క వేయనా? స్టోర్‌లో టూల్స్ లిస్టు తయారు చేయనా? సైటులో స్టీలుకి బార్ బెండింగ్ షెడ్యూల్ (ఏ కమ్మీ ఎంత, ఎలా వంచాలో రాసిన పట్టిక) మళ్లీ ఒకసారి చెక్ చేయనా? ఇలాంటివి అందరూ వాయిదా వేసే పనులు, వద్దనేవాళ్లు అరుదు. పది రోజులైనా ఏమీ మారకపోతే కాలేజీలో మీ గైడ్‌కి చెప్పి వేరే చోటుకి మారండి. మిగిలిన వారాలు వృథా చేసుకోవద్దు.

7. రిపోర్టు, సర్టిఫికెట్

ఎక్కువమంది చేసే తప్పు, రిపోర్టులో మొదటి ఇరవై పేజీలు కంపెనీ చరిత్ర, వెబ్‌సైట్ నుంచి దించినది. వైవాలో ఎగ్జామినర్ నేరుగా మధ్య పేజీలకి వెళ్తారు. కంపెనీ గురించి ఒక పేజీ చాలు. తర్వాత మీరు గీసిన ఫ్లో బొమ్మ, మీ కొలతల పట్టికలు, మీరు చేసిన ఒక తప్పు, దాన్ని ఎలా దిద్దుకున్నారు. ఆ తప్పు గురించిన భాగం దాచకండి, వైవాలో మాట్లాడటానికి అదే బాగా పనికొస్తుంది.

కస్టమర్ పేరు, డ్రాయింగ్ నంబర్లు, రేట్లు రిపోర్టులో పెట్టకూడదు. అచ్చు వేయించే ముందు మీ సూపర్‌వైజర్‌కి చూపించండి. మా దగ్గర ఒక కుర్రాడు కస్టమర్ డ్రాయింగ్ ఫోటో స్టేటస్‌లో పెట్టాడు. తెలియక చేసిందే, కానీ ఆ రోజు మేం పడ్డ ఇబ్బంది అంతా ఇంతా కాదు.

సర్టిఫికెట్ మొదటి రోజే అడగకండి, చివరి రోజు దాకా ఆగకండి కూడా. ఆఖరి వారం సోమవారం, కాలేజీ ఫార్మాట్ నింపి, సంతకం చేయాల్సిన చోటు మాత్రం ఖాళీ ఉంచి ఇవ్వండి. మీరు చేసిన పని ఏమిటో అందులో ఒక లైను ఉండేలా చూడండి. తేదీలు, హాజరు నిజమైనవే ఉండాలి. నలభై రోజులు వచ్చి అరవై అని రాయించుకోవద్దు.

8. బయటి దేశాలకి వెళ్లేవాళ్లకి ఒక మాట

అమెరికాలో ఎంఎస్ చేస్తూ ఇంటర్న్‌షిప్, కో-ఆప్ చేయాలంటే ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద సీపీటీ, అంటే చదువులో భాగంగా పనిచేసే అనుమతి కావాలి. మామూలుగా ఒక అకడమిక్ ఏడాది పూర్తయ్యాకే ఇస్తారు, పని మీ కోర్సులో భాగమై ఉండాలి, యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం మీద నమోదు అయ్యాకే మొదటి రోజు పనికి వెళ్లాలి. ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు నిండితే ఆ డిగ్రీ మీద ఓపీటీ (చదువయ్యాక అక్కడ పనిచేసే అనుమతి) పోతుంది. నెలలు లెక్క పెట్టుకుంటూ ఉండండి, అనుమానం వస్తే సీనియర్‌ని కాదు, యూనివర్సిటీలో ఇంటర్నేషనల్ ఆఫీసుని అడగండి. ఇక్కడ చేసిన ఇంటర్న్‌షిప్‌లో అంకెలతో చెప్పుకోగలిగిన పని ఒకటి ఉంటే, అక్కడి కెరీర్ ఫెయిర్‌లో రెండు నిమిషాల మాటకి అదే ఆధారం.

పని జరిగిందో లేదో ఎలా చూసుకోవాలి

ఆఖరి రోజు ఇంటికొచ్చాక నోట్‌బుక్ మూసేసి, తెల్లకాగితం మీద ఆ యూనిట్ ఫ్లో మొత్తం గీయండి. ఎక్కడ పెన్ను ఆగిందో అక్కడ మీకు తెలియదని అర్థం. మర్నాడు ఫోన్ చేసి అడిగి పూర్తి చేయండి, ఇంకా రెండు రోజుల దాకా వాళ్లు సంతోషంగా చెప్తారు.

తర్వాత ఇంట్లో అమ్మకో తమ్ముడికో, "నేను అక్కడ చేసిన పని ఇది" అని ఐదు నిమిషాలు చెప్పి చూడండి. "శిక్షణ", "అవగాహన", "ఎక్స్‌పోజర్" అనే మాటలు లేకుండా చెప్పాలి. చెప్పగలిగితే ఇంటర్వ్యూలోనూ చెప్పగలరు. మీరు తయారుచేసిన షీటు, లిస్టు, ప్రోగ్రాం ఏదైనా అక్కడ ఇప్పటికీ వాడుతున్నారా? ఒక్కటి వాడుతున్నా చాలు, రెజ్యూమెలో మొదటి లైను అదే.

చివరగా, మీ సూపర్‌వైజర్‌కి నెల తర్వాత ఒక ఫోన్ చేయండి. మీ పేరు చెప్పగానే గుర్తుపడితే, రేపు ఏ కంపెనీ వాళ్లైనా మీ గురించి అడిగినప్పుడు ఆయన ఏదో ఒక మంచి మాట చెప్పగలడు. నంబరు రెజ్యూమెలో రిఫరెన్స్‌గా పెట్టుకోవచ్చా అని ఆ ఫోన్‌లోనే అడగండి. అడగకుండా పెట్టకండి. వచ్చే ఏడాది మీ జూనియర్ ఒకరిని పంపనా అని కూడా అడగండి. మార్చి మొదటి వారంలో అడిగితే మా దగ్గర చోటు ఇంకా ఉంటుంది.